కోర్డోబాలో ఒంటరి ప్రయాణం: కోట తోటలు, పాత వీధుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెయిన్ దక్షిణ ప్రాంతమైన అందలూసియాలోని కోర్డోబా నగరానికి నేను రెండు సార్లు వెళ్లాను, రెండు సార్లూ ఒంటరిగానే. అప్పటి నుంచి అక్కడికి వెళ్లదలచిన మిత్రులు, వారి మిత్రులు ఫోన్ చేసి అడిగే సందేహాలు ఇంచుమించు ఒకటే కావడంతో వాటన్నింటినీ ఇక్కడ ఒక్కచోట చేర్చాను. ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే ఉంచాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

స్పెయిన్‌లో ఇన్ని ఊళ్లుండగా కోర్డోబాకే ఎందుకు వెళ్లాలి?

రోమన్ల వంతెన, అరబ్బుల మసీదు, యూదుల ప్రార్థనాలయం, అల్కాసర్ అనే క్రైస్తవ రాజుల కోట అన్నీ పావుగంట నడకలో ఉన్న ఊరు ఇది. పదో శతాబ్దిలో ఇది పశ్చిమ ఐరోపాలోని అతి పెద్ద నగరాల్లో ఒకటిగా, ఖలీఫాల రాజధానిగా వెలిగింది. తరువాత కథీడ్రల్‌గా, అంటే పెద్ద చర్చిగా మారిన ఆ మసీదును ఇప్పుడు మసీదు కథీడ్రల్ అంటారు. దాన్ని యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 1994లో ఆ గుర్తింపును చుట్టూ ఉన్న పాత నగరానికీ విస్తరించింది. ఒంటరిగా వెళ్లేవారికి ఇంకొక సౌకర్యం కూడా ఉంది. చూడవలసినవన్నీ కాలినడకకు అందుతాయి కాబట్టి టాక్సీ ఖర్చు పంచుకోవడానికి తోడు లేదే అన్న బాధ ఉండదు.

ఏ నెలలో వెళితే మంచిది?

మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా వీధుల్లోని నారింజ చెట్లు పూతకు వస్తాయి, సాయంత్రం ఊరంతా ఆ వాసనే. మే మొదటి పక్షంలో, ఇళ్ల లోపలి ముంగిళ్లను పూలతో అలంకరించి పోటీపడే పూలముంగిళ్ల పండుగ జరుగుతుంది. అది చూడవలసిందే గాని, ఆ రోజుల్లో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి, ఇరుకు సందుల్లో వరుసలు కట్టి నిలబడవలసి వస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. రామగుండం, రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, మాకేమవుతుందని కొందరు అంటారు. మన ఊళ్లో ఆ ఎండలో మనం నడిరోడ్డు మీద తిరగం, పర్యాటకుడు మాత్రం తిరుగుతాడు. నా సలహా అక్టోబరు రెండో సగం, లేదా ఏప్రిల్.

ఒక్క రోజు చాలదా? మాడ్రిడ్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తారట కదా?

చాలామంది అలాగే చేస్తారు, అందుకే పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఊరు కిక్కిరిసి ఉంటుంది. ఒక్క రాత్రి అక్కడ ఉండగలిగితే పర్యాటక బృందాలు రాకముందు ఉదయం, అవి వెళ్లిపోయాక సాయంత్రం, రెండు పూటలూ మీ సొంతమవుతాయి. కోట తోటలను, వీధులను చూడవలసిన వేళలు అవే. రెండు రాత్రులుంటే ఊరికి పడమరగా సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న మదీనా అసాహారా శిథిలాలను కూడా చూడవచ్చు. ఖలీఫా మూడవ అబ్ద్ అల్ రహ్మాన్ పదో శతాబ్దిలో కట్టించిన ఆ రాజనగరం వందేళ్లైనా నిలవకుండా అంతర్యుద్ధంలో నాశనమైంది.

వీసా సంగతి ఏమిటి?

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా, అంటే పలు ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా, తప్పనిసరి. ఒకే పర్యటనలో పలు దేశాలు చూస్తున్నట్లయితే, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం వీసాకు దరఖాస్తు చేయాలి. కనీసం 30,000 యూరోల ప్రయాణ ఆరోగ్య బీమా చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వవచ్చు గాని, వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి చివరి నెల దాకా ఆగవద్దు. జర్మనీ వంటి షెంగెన్ దేశంలో నివాస అనుమతితో చదువుకుంటున్న మన విద్యార్థులకు వేరే వీసా అక్కరలేదు. బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో ఉన్నవారికి మాత్రం కావాలి.

రైలులో ఎలా వెళ్లాలి?

మాడ్రిడ్‌లోని అతోచా స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలులో సుమారు గంటా ముప్పావు, సెవిల్ నుంచి ముప్పావు గంట, మాలగా నుంచి గంట పడుతుంది. స్పెయిన్‌లో మొదటి హైస్పీడ్ మార్గమైన మాడ్రిడ్-సెవిల్ లైను 1992లో ప్రారంభమైనప్పటి నుంచి కోర్డోబా దాని మీదే ఉంది. టికెట్ ధర విమానాల్లో మాదిరిగా రోజురోజుకూ మారుతుంది కాబట్టి ముందుగా కొన్నవారికి చవక. ఈ రైళ్లకు సామాను తనిఖీ ఉంటుంది, మన దగ్గరలా రైలు కదిలే ముందు పరుగెత్తి ఎక్కే వీలు లేదు. అరగంట ముందు స్టేషన్‌లో ఉండండి.

## చేరిన రోజు

బస ఎక్కడ చూసుకోవాలి?

మసీదు కథీడ్రల్ చుట్టూ ఉన్న పాత యూదుల పేట అయిన హుదేరియాలో దిగితే అన్నీ దగ్గర, కానీ అద్దె ఎక్కువ. కోటకు ఆనుకుని ఉన్న సాన్ బసీలియో పేట నాకు ఎక్కువ నచ్చింది. సున్నం వేసిన గోడలు, నీలం రంగు పూలకుండీలు, సాయంత్రం గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్లు ఉన్న పేట అది. మన పల్లెల్లో అరుగుల మీద కూర్చునే అలవాటు గుర్తొచ్చింది.

చక్రాల పెట్టె తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు, లాగలేరు. పాత వీధుల్లో చాలావాటికి ఏటి గులకరాళ్లను నిలువుగా, పక్కపక్కన పాతి నేల పరిచారు. చూపుకు ముచ్చటగా ఉంటుంది, చక్రాలకు మాత్రం శత్రువు. మొదటిసారి వెళ్లినప్పుడు బస ఇంకా రెండు సందుల దూరంలో ఉందనగా నా పెట్టె చక్రం ఒకటి ఊడి, దొర్లుకుంటూ వెళ్లి ఒక పూలకుండీకి తగిలి ఆగింది. కుండీ పగలలేదు, అదే అదృష్టం. రెండోసారి భుజానికి తగిలించుకునే సంచితో వెళ్లాను. చెప్పులు కూడా దళసరి అడుగున్నవే వేసుకోండి, పలుచటి అడుగు ఉన్నవైతే ప్రతి రాయీ అరికాలికి తెలుస్తుంది.

## కోట లోపల

ఈ కోట ఎవరిది? అరబ్బుల కోటేనా?

పేరు అరబ్బీ మాట నుంచి వచ్చింది గాని కోట క్రైస్తవ రాజులది. ‘అల్కాసర్’ అన్నది కోట, రాజభవనం అనే అర్థమున్న ‘అల్ ఖస్ర్’ నుంచి వచ్చింది. పూర్వం అరబ్బు పాలకుల ప్రాసాదాలుండిన ప్రాంతంలో, అప్పటి క్రైస్తవ రాజ్యమైన కాస్టీల్ రాజు పదకొండవ అల్ఫోన్సో 1328లో ఇప్పటి కోట కట్టడం మొదలుపెట్టించాడు. రాణి ఇసబెల్, రాజు ఫెర్నాందో స్పెయిన్‌లో మిగిలిన చివరి ముస్లిం రాజ్యమైన గ్రెనడా మీద యుద్ధం నడిపిన కాలంలో ఇదే వారి మకాం. 1486లో కొలంబస్ సముద్రయానం ప్రతిపాదనతో వారి దర్శనానికి వచ్చింది ఈ నగరానికే. ఆ తరువాత, క్రైస్తవ విశ్వాసం తప్పారని అనుమానించినవారిని విచారించే మతవిచారణ న్యాయస్థానం (ఇంక్విజిషన్) మూడు శతాబ్దాలకు పైగా ఇక్కడే నడిచింది, 19వ శతాబ్దిలో ఇది జైలుగా మారింది. తోటలో గులాబీల మధ్య నిలబడి ఈ చివరి రెండు సంగతులు తలచుకోవడం కొంచెం కష్టమే, కానీ తలచుకోకుండా చూస్తే సగమే చూసినట్లు.

లోపల గదుల్లో చూడదగ్గది ఏముంది? తోటలకే వెళ్లిపోవచ్చా?

గదులు తక్కువే, అలంకారాలూ తక్కువే. గ్రెనడాలోని అల్హంబ్రా రాజప్రాసాదాన్ని ఊహించుకుని వస్తే నిరాశ తప్పదు. అయినా రెండింటి దగ్గర ఆగండి. మొదటిది రోమన్ మొజాయిక్‌లు, అంటే చిన్న రంగురాళ్లు పేర్చి చేసిన బొమ్మలు, ఉన్న హాలు. ఊళ్లోని కొర్రెదేరా కూడలిలో 1959లో తవ్వకాల్లో బయటపడిన నేల పలకలను తెచ్చి ఇక్కడ గోడలకు నిలిపారు. గ్రీకు పురాణాల్లోని ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్, అతడు మనసు పడిన గలతేయా ఉన్న పలకను ముందు దూరం నుంచి చూసి, తరువాత దగ్గరికి వెళ్లండి. బొమ్మ చెదిరిపోయి వేలిగోరంత రంగురాళ్లు మాత్రమే మిగులుతాయి.

రెండవది మూడో శతాబ్దికి చెందిన పాలరాతి రోమన్ శవపేటిక. దాని ముందు వైపు మధ్యలో ఒక తలుపును చెక్కారు. ఆ తలుపు పూర్తిగా మూసి లేదు, ఓరగా తెరిచి ఉంది. అది పరలోకపు ద్వారమట, చనిపోయినవారు ఇప్పుడే లోపలికి వెళ్లారన్నట్లు శిల్పి దాన్ని ఆ కాస్త సందుతో వదిలేశాడు. బృందాలు దీన్ని దాటుకుని వెళ్లిపోతాయి. ఒంటరిగా వెళ్లినవారికి దాని ముందు పది నిమిషాలు నిలబడే స్వేచ్ఛ ఉంది.

టికెట్ ముందే కొనాలా? ఏ రోజు సెలవు?

సోమవారం కోట మూసి ఉంటుంది. ఈ ఒక్క మాట తెలియక నేను మొదటిసారి తాళం వేసిన గేటు ముందు నిలబడ్డాను, నా పక్కన ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. వేసవిలో వేళలు మారతాయి, ఎండలు ముదిరితే మధ్యాహ్నానికే మూసేస్తారు. కాబట్టి బయలుదేరే వారంలో నగరపాలక సంస్థ ప్రకటించిన వేళలను ఒకసారి చూసుకుని, టికెట్ ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం మేలు. బురుజుల మీదికి అనుమతి ఉన్న రోజైతే మెట్లెక్కండి. తోటల అమరిక మొత్తం పైనుంచే అర్థమవుతుంది.

## తోటల్లో

తోటలు ఎంత పెద్దవి? ఎంత సేపు పడుతుంది?

సుమారు 55,000 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో పదమూడున్నర ఎకరాలు. చకచకా నడిస్తే అరగంటలో పూర్తవుతుంది, కానీ రెండు గంటలు కేటాయించండి. తోట మూడు అంతస్తులుగా ఉంటుంది. పై అంతస్తులో పెద్ద కొలనులు, నడిమి అంతస్తులో రెండు వైపుల నుంచీ నీటి చిమ్మెనలు విల్లులా వంగి పడే పొడవాటి కొలనులు, కింద పూలమడులు, పండ్లచెట్లు ఉంటాయి. సరుగుడు చెట్టులా నిటారుగా పెరిగే సైప్రస్‌లు, తాటి జాతి చెట్లు, నారింజ, నిమ్మ చెట్లు దారి పొడవునా కనిపిస్తాయి. ఒక బాటలో రాజుల శిల్పాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఇసబెల్, ఫెర్నాందోల ఎదుట కొలంబస్ నిలబడి మాట్లాడుతున్న శిల్పం దగ్గరే అందరూ ఫోటోలు దిగుతారు.

ఈ తోటలు నిజంగా అరబ్బుల కాలం నాటివేనా?

కావు. కోట చుట్టూ పూర్వం తోటలు, పండ్లచెట్లు ఉన్నమాట నిజం. ఇప్పుడు మనం చూస్తున్న అమరిక మాత్రం చాలావరకు 20వ శతాబ్ది మధ్యలో పాత పండ్లతోట స్థలంలో తీర్చిదిద్దినది. ఇది తెలిసి కొందరు మోసపోయామన్నట్లు మాట్లాడతారు. నేను అలా అనుకోను. నీటిని చూపులకూ చెవులకూ ఒంటికీ ఒకేసారి చల్లదనమిచ్చేలా వాడుకోవడం, ఎండను చెట్లతోనే కాక గోడలతోనూ ఆపడం అన్న విద్య ఆ నేలలో వెయ్యేళ్లుగా ఉంది. కొలను, సాగుకాలువ, నీటి చక్రం, ఈ మూడింటికీ స్పానిష్‌లో వాడే ‘అల్బెర్కా’, ‘అసేకియా’, ‘నోరియా’ మాటలు మూడూ అరబ్బీ నుంచి వచ్చినవే. మొక్కలు కొత్తవి, పనితనం పాతది.

ఏటి ఒడ్డున కనిపించే ఆ పెద్ద చక్రం ఏమిటి?

అల్బొలాఫియా అనే నీటి చక్రం. గ్వాదల్కివీర్ నది నీటిని పైకి తోడి కోట వైపు కాలువలకు అందించడానికి దీన్ని వాడేవారు. ఇప్పుడున్నది తరువాతి కాలంలో మళ్లీ నిలిపిన నమూనా. కోటలో నిద్రించే ఇసబెల్ రాణికి దీని కిర్రుకిర్రు శబ్దంతో నిద్ర పట్టక ఊడదీయించిందని అక్కడివారు చెబుతారు. అన్నట్లు గ్వాదల్కివీర్ అన్న పేరు ‘వాది అల్ కబీర్’ అనే అరబ్బీ మాటల నుంచి వచ్చింది, అర్థం పెద్ద ఏరు. తెలంగాణలో పెద్దవాగు పేరున్న ఏళ్లు ఎన్ని ఉన్నాయో తలచుకుంటే ఆ పేరు వెంటనే దగ్గరిదైపోతుంది.

చెట్ల నిండా నారింజలు కాస్తున్నాయి, కోసుకుని తినవచ్చా?

కోయవద్దు, కోసినా తినలేరు. అవి చేదు నారింజలు, మార్మలేడ్‌కు పనికివస్తాయే తప్ప ఒలుచుకుని తినడానికి కాదు. నీడకూ పూల వాసనకూ వాటిని పెంచుతారు. ఈ పండును స్పెయిన్‌కు తెచ్చింది అరబ్బులు. పేరు కూడా పండు వెంటే ప్రయాణం చేసింది. సంస్కృతంలోని ‘నారంగ’ పర్షియన్‌లో ‘నారంగ్’, అరబ్బీలో ‘నారంజ్’ అయి, స్పానిష్‌లో ‘నరంహ’గా స్థిరపడింది. మన ‘నారింజ’ కూడా ఆ కుటుంబానిదే కాబట్టి, ఆ ఊళ్లో మీకు ముందే తెలిసిన స్పానిష్ మాట ఇది ఒకటి ఉన్నట్లే.

ఏ వేళకు వెళ్లాలి?

తెరిచిన వెంటనే. అప్పటికి బృందాలు మసీదు దగ్గరే ఉంటాయి, తోటమాలులు నీళ్లు పెట్టి ఉంటారు, కొలనుల్లో చెట్ల నీడ కదలకుండా ఉంటుంది.

## వీధుల్లో

మసీదు కథీడ్రల్‌కు టికెట్ లేకుండా వెళ్లే వేళ ఉందట, నిజమేనా?

సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 8:30 నుంచి 9:30 వరకు ఉచితంగా లోపలికి రానిచ్చే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. బృందాలకు ప్రవేశం లేదు, మౌనంగా చూడాలి. చర్చి కార్యక్రమాలున్న రోజుల్లో ఇది మారవచ్చు కాబట్టి ముందురోజే గేటు దగ్గరి బోర్డు చూసుకోండి. 8వ శతాబ్ది చివర మొదలై, రెండు వందల ఏళ్లలో దఫదఫాలుగా పెరిగిన ఈ మసీదులో ఇప్పటికీ 850కి పైగా స్తంభాలున్నాయి. వాటి మీద ఎర్రటి ఇటుక, తెల్లటి రాయి పట్టీలుగా రెండంతస్తుల కమానులుంటాయి. 1236లో ఊరు కాస్టీల్ వశమయ్యాక ఇది చర్చి అయింది, 1523లో నడి మధ్యన కథీడ్రల్ కట్టడం మొదలైంది. స్తంభాల అడవిలోంచి నడుస్తూ ఒక్కసారిగా ఆ తెల్లటి ఎత్తైన కప్పు కిందికి వచ్చినప్పుడు ఏమనిపిస్తుందో మీరే తేల్చుకోవాలి. నాకు రెండు సార్లూ రెండు రకాలుగా అనిపించింది.

సందుల్లో దారి తప్పితే ఎలా?

తప్పుతారు, ఫోన్‌లోని మ్యాప్ కూడా ఆ ఎత్తైన గోడల మధ్య తికమక పడుతుంది. పల్లం వైపు నడుస్తూ పోతే నది వస్తుంది, లేదా తల పైకెత్తి 54 మీటర్ల ఎత్తున్న కథీడ్రల్ గంటల బురుజును చూసి దిక్కు పట్టుకోవచ్చు. పూలసందు అని పేరు పడ్డ కయేహా దె లాస్ ఫ్లోరెస్‌లోంచి వెనక్కి తిరిగి చూస్తే ఆ బురుజు సరిగ్గా గోడల మధ్య ఇమిడి కనిపిస్తుంది. అందుకే అక్కడ ఎప్పుడూ జనమే. దాని దగ్గరలోనే చేతిరుమాలంత వెడల్పని పేరు తెచ్చుకున్న ఇంకో సందు ఉంది, దానికి వెళ్లండి.

యూదుల పేటలో ఏం చూడాలి?

1315లో కట్టిన చిన్న ప్రార్థనాలయం చూడాలి. 1492లో యూదులను దేశం నుంచి వెళ్లగొట్టాక స్పెయిన్‌లో నిలిచి ఉన్న మధ్యయుగపు యూదు ప్రార్థనాలయాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే, అందులో ఇది ఒకటి. దగ్గరలోనే ఈ ఊళ్లో పుట్టిన తత్వవేత్త మైమోనిడీస్ కూర్చుని ఉన్న కంచు విగ్రహం ఉంది. తాకి తాకి దాని పాదం మెరుగెక్కింది.

ఇళ్ల ముంగిళ్లలోకి పరాయివాళ్లు వెళ్లవచ్చా?

మే నెల పండుగ రోజుల్లో పోటీలో ఉన్న ముంగిళ్లలోకి ఎవరైనా ఉచితంగా వెళ్లవచ్చు. ఈ పోటీ 1921లో మొదలైంది, పండుగను యునెస్కో 2012లో అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మిగతా రోజుల్లో సాన్ బసీలియోలో కొన్నింటిని రుసుముతో చూపిస్తారు, పన్నెండు ముంగిళ్లున్న వియానా ప్రాసాదం ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది. ముంగిలి అంటే ఇంటి ముందుది కాదు, నడుమ ఉండేది, మన మండువా ఇళ్ల లోపలి వాకిలి లాంటిది. అందుకే ఆ ఇళ్లు బయటికి మూసుకుని లోపలికి తెరుచుకుని ఉంటాయి.

గోడల మీద రెండంతస్తుల ఎత్తు దాకా వేలాడే కుండీలకు నీళ్లెలా పోస్తారని నాకు సందేహం వచ్చింది. ఒక పొడవాటి వెదురు గెడ చివర రేకు డబ్బా కట్టి, నీళ్లు నింపి, గెడ పైకెత్తి, ఒక్కో కుండీ మీద మణికట్టు తిప్పి వంచుతారు. నేను చూస్తుండగా డెబ్బై ఏళ్లు దాటిన ఒక ఆవిడ చుక్క కింద పడకుండా గోడంతా తడిపింది. ఒకసారి నా చేతికీ ఇచ్చింది. కుండీ తడవలేదు, నేను తడిశాను.

మసీదు దగ్గర ఆడవాళ్లు ఏదో రెమ్మ చేతిలో పెడుతున్నారు, తీసుకోవచ్చా?

అది రోజ్‌మేరీ రెమ్మ. తీసుకున్నారంటే చెయ్యి పట్టుకుని జోస్యం మొదలుపెడతారు, తరువాత డబ్బు గట్టిగా అడుగుతారు. చిరునవ్వుతో ‘నో, గ్రాసియాస్’ అని ఆగకుండా నడవండి.

## భోజనం, రాత్రి

శాకాహారికి ఏం దొరుకుతుంది?

వంకాయ ముక్కలు వేయించి పైన తేనెలాంటి చెరకు పాకం పోసిన ‘బెరెన్‌హేనాస్ కాన్ మియెల్’ అక్కడి ప్రసిద్ధ వంటకం, మన నాలుకకు వెంటనే నచ్చుతుంది. టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన చల్లని ‘సాల్మొరేహో’ ఈ ఊరిదే, కానీ పైన గుడ్డు, హామోన్ అనే పంది మాంసం ముక్కలు చల్లి ఇస్తారు. మాంసం వద్దు అంటే చాలదు, హామోన్‌ను వారిలో చాలామంది మాంసం కింద లెక్కించరు. ‘సిన్ హామోన్, సిన్ వెవో’ (హామోన్ లేకుండా, గుడ్డు లేకుండా) అని పేర్లతో చెప్పాలి. నేను ఒకచోట ‘మాంసం వద్దు’ అని చెప్పి, వచ్చిన గిన్నెలో ముక్కలు చూసి ఈ పాఠం నేర్చుకున్నాను. ఏదీ కుదరని రోజు సూపర్‌మార్కెట్లో వండిన అన్నం కప్పు, తియ్యదనం లేని పెరుగు కొనుక్కుంటే పెరుగన్నం సిద్ధం. కుళాయి నీళ్లు తాగవచ్చు.

ఒక్కరే కూర్చుని తింటే వింతగా చూస్తారా?

చూడరు. బల్ల దగ్గర కాక బార్ గట్టు ముందు నిలబడి లేదా ఎత్తు కుర్చీ మీద కూర్చుని తినడం అక్కడ సహజం. పూర్తి పళ్లెం ఒక్కరికి ఎక్కువవుతుంది కాబట్టి ‘మేదియా రాసియోన్’, అంటే సగం వడ్డన, అడగండి. వంటగదులు సాయంత్రం నాలుగింటికి మూసి రాత్రి ఎనిమిది తరువాతే తెరుస్తారు. మనలా ఏడింటికే ఆకలేసేవారు చేతిలో పండో, రొట్టో ఉంచుకోవాలి.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు భద్రమేనా?

నాకు తెలిసి వెళ్లొచ్చిన స్త్రీలందరూ రాత్రి పదకొండింటికి కూడా పాత నగరంలో నిశ్చింతగా నడిచామనే చెప్పారు. ఆ వేళకు పిల్లాపాపలతో కుటుంబాలు వీధుల్లోనే ఉంటాయి. దీపాలు వెలిగించిన పదహారు కమానుల రోమన్ వంతెన మీద అవతలి ఒడ్డునున్న కలహోర్రా బురుజు దాకా నడిచి, వెనక్కి తిరిగి మసీదును చూడడం ఆ ఊళ్లో రాత్రిపూట చేయవలసిన మొదటి పని. నిజానికి బెరుకు పుట్టించేది, పర్యాటకులు గుమిగూడే చోట్లు దాటాక, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా ఉండే నిర్మానుష్యం. దుకాణాలు మూసి, కిటికీలు వేసి, సందుల్లో పిల్లి కూడా కనిపించదు. అది ఎండ పూట కునుకు వేళ, అంతకు మించి ఏమీ లేదు. రద్దీలో జేబుదొంగలుంటారు కాబట్టి పాస్‌పోర్టు బసలో ఉంచి దాని నకలు వెంట తీసుకెళ్లండి. అత్యవసరానికి నంబరు 112.

## తిరుగు ప్రయాణం

ఏం కొనుక్కు రావాలి?

కోర్డోబా వెండి తీగ పనికి పేరున్న ఊరు. సన్నటి వెండి తీగలను మెలిపెట్టి, అతికి చేసిన చెవిపోగులు, పతకాలు చిన్న దుకాణాల్లో దొరుకుతాయి. కరీంనగర్ ఫిలిగ్రీ చూసినవారికి ఆ పని ఎంత ఓపికతో కూడుకున్నదో వేరే చెప్పనక్కరలేదు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ముచ్చటగా ఉంటుంది. కరీంనగర్ నుంచి తెచ్చుకున్న నా కుంకుమభరిణ చిత్రాన్ని ఫోన్‌లో చూపించినప్పుడు అక్కడి దుకాణదారు కళ్లద్దాలు మార్చుకుని మరీ చూశాడు. తోలు వస్తువులు కూడా అక్కడ ప్రసిద్ధమే, ‘కోర్డొవాన్’ అని తోలుకు పేరు వచ్చింది ఈ ఊరి వల్లనే. ఆలివ్ నూనె కొంటే గాజు సీసా కాక రేకు డబ్బా తీసుకుని, విమానంలో చెక్-ఇన్ సామానులోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు.